నిలబడ్డవాళ్ళ పేర్లు

"ఈళ్ళెవులమ్మా?" అంది అప్పయమ్మ.

ప్రసూన కంప్యూటరు తెరను ఇంకాస్త ఆమె వైపు తిప్పింది. ఏప్రిల్ ఎండలో నడిచొచ్చిన మనిషి, కళ్ళు ఇంకా లోపలి చీకటికి అలవాటు పడలేదేమో అనుకుంది. మీ గేంగు ఫొటోయే మామ్మా, హాల్లో ఉన్నదే, కంప్యూటర్లో సాఫ్ చేశాను అని చెప్పింది.

అప్పయమ్మ కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూసింది. డెబ్బై మూడేళ్ళ మనిషి. ఎడమ కంటికి ఆపరేషను అయింది, కుడికంటికి ఇంకా కాలేదు. అందుకని తల కొంచెం పక్కకు తిప్పి, బాగున్న కంటితో ఒక్కో ముఖం దగ్గరా ఆగింది.

"ఈ ముగ్గురికీ ఒకటే ముక్కెట్టినావు. మా గేంగులో ఇలగ తెల్లగా, నున్నగా ఎవులూ లేరమ్మా. ఇది మా ఫొటో కాదు."

కోపంగా అనలేదు. తప్పు చిరునామాకు వచ్చిన ఉత్తరాన్ని తిరిగిచ్చినట్టు చెప్పి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

ప్రసూన మళ్ళీ తెర ముందు కూర్చుంది. ముఖాలను ఇప్పుడు తనూ మొదటిసారిగా చూసింది. నిజమే. ఒకే ముక్కు, ఒకే పెదాలు, సబ్బు ప్రకటనలో అమ్మాయిల చర్మం. గోడ మీది ఫ్రేమును ఫోనుతో తీసిన మసక ఫొటోను కంప్యూటరుకు ఇస్తే, కనబడనిచోటల్లా అది తనకు తోచిన ఆడవాళ్ళను గీసి పెట్టింది. తను చూసుకోకుండానే దాన్ని ఆంధ్ర సంఘం కార్యదర్శికి పంపేసింది. ఆయన బాగుంది, ప్రింటు వేసెయ్యమన్నాడు.

ప్రసూనకు ముప్ఫై ఏడేళ్ళు. ఛత్తీస్‌గఢ్‌లోని ఈ రైల్వే ఊళ్ళో, తార్‌బహార్‌లో స్టేషనుకు పోయే రోడ్డు మీద ఒక గది స్టూడియో. పాస్‌పోర్టు ఫొటోలు, పెళ్ళిళ్ళు, రిటైర్‌మెంటు సన్మానాలు. పదకొండేళ్ళుగా ఒంటిచేత్తో నడుపుతోంది. ఆంధ్ర సంఘం హాలుకు డెబ్బై ఐదేళ్ళు నిండుతున్నాయని, గోడల మీది పాత ఫొటోలన్నీ బాగుచేయించి కొత్త ఫ్రేముల్లో పెట్టాలని కార్యదర్శి రమణమూర్తి ఆమెకు పని అప్పజెప్పాడు. నలభై ఒక్క ఫొటోల్లో నలభై అయిపోయాయి. మిగిలింది ఇదొక్కటే.

ఇది 1973లో తీసింది. ఆవిరింజన్ల షెడ్డులో ఫోర్‌మన్ ఒకాయనకు బదిలీ అయితే వీడ్కోలు రోజున తీయించారు. ముందు వరసలో ఏడుగురు మగవాళ్ళు కుర్చీల్లో కూర్చున్నారు. వాళ్ళ వెనక రెండు వరసల్లో ఇరవై ముగ్గురు ఆడవాళ్ళు నిలబడ్డారు. ఇంజన్లలోకి గంపలతో బొగ్గు ఎత్తిన గేంగు వాళ్ళు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన కుటుంబాల వాళ్ళే ఎక్కువ, కొందరు ఇక్కడి ఛత్తీస్‌గఢీ వాళ్ళు. కింద అట్ట మీద తెల్ల సిరాతో ఏడుగురి పేర్లూ, హోదాలూ రాసి ఉన్నాయి. దాని కింద ఒక్క మాట: 'వెనుక నిలబడినవారు: బొగ్గు కూలీలు.'

ఆ నిలబడ్డవాళ్ళ పేర్లు కూడా రాయించమని అప్పయమ్మ రెండు నెలలుగా రమణమూర్తిని అడుగుతోంది. ఆయన కాదనలేదు. ముఖాలే కనబడనప్పుడు పేర్లెవరికి రాస్తాం, ముందు ప్రింటు రానీ అన్నాడు. అందుకే ఆమె ఇవాళ స్టూడియోకు వచ్చింది.

ఆ మధ్యాహ్నమే ప్రసూన హాలుకు వెళ్ళి ఫ్రేము దింపించింది. ఫొటోను అద్దం నుంచి విడదీయడానికి లేదు. ఏదో ఒక వానాకాలం కప్పు కారి నీళ్ళు లోపలికి దిగాయి. ఫొటో మీది పూత అద్దానికి అతుక్కుపోయింది. పీకితే ముఖాలు అద్దంతోపాటు ఊడొస్తాయి. పైగా ఏళ్ళు గడిచేకొద్దీ ఫొటోలోని వెండి పైకి తేలింది. ఎటునుంచి చూసినా ఆడవాళ్ళ వరసలు రెండూ చేప పొలుసులా మెరుస్తున్నాయి. ఆ మెరుపు కింద ఒక్కో ముఖం చింతగింజంత.

రమణమూర్తి అప్పుడే అక్కడికొచ్చాడు. బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి, ఏ పనైనా తేదీ ప్రకారం జరగాలంటాడు. ముందు పంపింది పనికిరాదు, మళ్ళీ తీస్తాను అని ప్రసూన చెబితే ఆయనకు అర్థం కాలేదు. బాగానే ఉంది కదా అన్నాడు. అందులో ఉన్నది వాళ్ళు కాదండీ అంది ఆమె. ఆయన కాసేపు ఆలోచించి, ఆదివారం రంగులవాళ్ళు వస్తారు, ఆ లోపల తీస్తే సరే, లేకపోతే ఫ్రేముల షాపువాడు నీళ్ళలో నానబెట్టి విడదీస్తానన్నాడు, వాడికి ఇచ్చేస్తానన్నాడు. నానబెడితే ఏమీ మిగలదని ప్రసూనకు తెలుసు. ఆరోజు సోమవారం.

ఆ మెరుపును తీసేసే దారి ఒకటుందని కూడా ఆమెకు తెలుసు. స్టూడియో పెట్టకముందు గోల్‌బజార్‌లో రాఘవయ్య అనే పాత ఫొటోగ్రాఫరు దగ్గర ఆరేళ్ళు పనిచేసింది. పాత ఫొటోలకు కాపీ తీసేటప్పుడు ఆయన బూడిదరంగు అద్దాలు రెండు వాడేవాడు. పోలరైజర్లు అంటారు వాటిని. ఒకటి లైటు ముందు, ఒకటి లెన్సు ముందు పెట్టి, లెన్సు ముందున్నదాన్ని నెమ్మదిగా తిప్పితే, ఒకచోట అద్దం తళుకూ వెండి తళుకూ రెండూ చచ్చిపోతాయి. కింద ఉన్నది ఉన్నట్టు కనబడుతుంది. దుకాణం మూసి విజయనగరం వెళ్ళిపోతూ, ఆయన ఆ సామానంతా ఒక రేకు పెట్టెలో పెట్టి ఆమెకు ఇచ్చేశాడు. ప్రసూన దాన్ని పెద్దగా వాడలేదు. పెళ్ళిళ్ళకు అదెందుకు?

అటక మీంచి పెట్టె దింపింది. చింతగింజంత ముఖాన్ని దగ్గర్నుంచి తీయగల లెన్సు ఒకటి అందులో ఉంది. పెళ్ళిళ్ళకు ఆమె వాడే లెన్సులేవీ అంత దగ్గరికి పోలేవు. తోలు సంచుల్లో రెండు పోలరైజర్లు ఉన్నాయి. కొత్తవి తెప్పిద్దామని చూస్తే ఊళ్ళో ఎక్కడా లేవు. ఆన్‌లైన్‌లో తొమ్మిది రోజులు అంటోంది. సరే, ఉన్నవాటితోనే చేద్దామనుకుంది.

ఫోనులో రాఘవయ్య చెప్పాడు: రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకు తిప్పి చూడు, పూర్తిగా నల్లబడితే ఇంకా ప్రాణమున్నట్టు. ప్రసూన కిటికీ దగ్గర నిలబడి తిప్పింది. నల్లబడ్డాయి. అంచుల్లో జిగురు వదిలి ఇంద్రధనుస్సు రంగులు తేలుతున్నాయి గాని మధ్యభాగం శుభ్రంగానే ఉంది.

అసలు ఇబ్బంది వేరే. లెన్సు ముందు పెట్టే ఇలాంటి అద్దాలకు, ఇప్పటి ఫిల్టర్లకు, అంచున మర ఉంటుంది, లెన్సు మూతిలోకి తిప్పి బిగించుకోవచ్చు. ఇవి పాతకాలానివి. మర లేదు, ఏమీ లేదు. పల్చటి రేకు చుట్టిన గుండ్రటి అద్దం అంతే. ఇది కూర్చోడానికి వేరే ఒక గిన్నెలాంటి రింగు ఉండేది. అది పోయింది. పోనీ లెన్సు మూతికి ఏదో ఒక రింగు బిగిద్దామంటే, ఆ లెన్సు ఎప్పుడో కిందపడి అంచు ఒకచోట లోపలికి నొక్కుకుపోయింది. ప్రసూన తన దగ్గరున్న రింగులన్నీ పెట్టి చూసింది. అరచుట్టు తిరిగి ఆగిపోతున్నాయి. గట్టిగా తిప్పితే మర అరిగిపోతుంది.

మంగళవారమంతా నల్ల టేపుతో ప్రయత్నించింది. ఫిల్టరును లెన్సు మూతికి ఆనించి చుట్టూ టేపు వేసింది. తిప్పాలంటే టేపు ఊడదీయాలి, తిప్పకపోతే మెరుపు పోదు. రబ్బరు బ్యాండ్లు వేసింది. అట్టముక్కతో గొట్టం చేసి అందులో కూర్చోబెట్టింది. బయట నలభై మూడు డిగ్రీలు. జిగురు కరిగి, సాయంత్రానికి ఫిల్టరు గొట్టంలోంచి జారి ఆమె ఒళ్ళో పడింది. నేల మీద పడుంటే అక్కడితో అంతా అయిపోయేది. దాన్ని తోలు సంచిలో పెట్టేసి, చేతులకంటిన జిగురు కిరోసిన్‌తో కడుక్కుంది. ఇలా కుదరదు, దీనికి లోహం కావాలి, లోహం తెలిసిన మనిషి కావాలి అని నిశ్చయించుకుంది.

బుధవారం ఉదయం చిన్నారావు ఇంటికి వెళ్ళింది. ఆయన లోకోషెడ్డులో ముప్ఫై నాలుగేళ్ళు టర్నరుగా చేశాడు. ఇంజను చక్రాలు అరిగితే లేత్ మిషను మీద వాటిని కోసి మళ్ళీ గుండ్రం చేసే పని. రిటైరయ్యాక ఇంటి వెనక రేకుల షెడ్డు వేసుకుని, చిన్న లేత్ ఒకటి పెట్టుకుని, పంపులకూ పిండిమరలకూ విడిభాగాలు చేస్తున్నాడు. ప్రసూన నాన్నతో కలిసి డ్యూటీ చేసినవాడు కాబట్టి ఆమె ఆయన్ను చిన్నాన్నా అంటుంది.

లెన్సు చేతికిస్తే ఆయన పట్టుకోడానికి ఇష్టపడలేదు. నేను ఇనుము కోసినవాణ్ణి, గాజు సామాను నాకు తెలీదు, పగిలితే ఎవరిది పూచీ అన్నాడు. పూచీ నాదే అంది ప్రసూన. దేనికోసమో చెప్పింది. అప్పయమ్మ అన్న ముక్కు మాట కూడా చెప్పింది. చిన్నారావు నవ్వలేదు. షెడ్డులో చేరిన కొత్తల్లో ఆ ఆడవాళ్ళలో కొందరిని ఆయన చూశాడట. మండుతున్న బూడిద పక్కన వట్టికాళ్ళతో నడిచేవాళ్ళట.

వర్నియర్ కొలబద్ద తీసి లెన్సు అంచు కొలిచాడు. నొక్కుకుపోయిన చోట వేలితో తడిమాడు.

"ఈ చూడీ జోలికి పోవద్దమ్మీ," అన్నాడు. ఇక్కడి వాళ్ళంతా మరను చూడీ అనే అంటారు. "దీన్ని సరిచెయ్యాలంటే కొట్టాల. కొడితే లోపల గాజు కదులుతాది. లోపల్నించి పట్టుకోనివ్వకపోతే బయట్నించి పట్టుకుందాం. బయట గుండ్రం బాగానే ఉంది."

ప్రసూనకు రెండు రోజులుగా తట్టనిది అదే. లెన్సు మూతి లోపలే చూస్తోంది గాని, బయటి నుంచి తొడుగు వేయొచ్చని తోచలేదు.

చిన్నారావు ఒక అల్యూమినియం గొట్టం ముక్క తీసి లేత్‌కు బిగించాడు. లెన్సు మీదికి టోపీలా దిగే తొడుగు. పై అంచున లోపల చిన్న మెట్టు, ఫిల్టరు దాని మీద కూర్చుంటుంది. పైన ఒక ఉక్కుతీగ చుట్టు, ఫిల్టరు బయటికి రాకుండా ఆపడానికి. ప్రసూన పక్కన నిలబడి కొలతలు చదువుతుంటే ఆయన కోస్తూ పోయాడు. వెండిరంగు పొట్టు చుట్టలు చుట్టలుగా నేల మీద పడింది.

మొదటి తొడుగు దిగలేదు. బిగువు ఎక్కువైంది. రెండోది దిగింది గాని వదులుగా ఊగింది. ఆయన కాసేపు దాన్ని వేలి మీద తిప్పుతూ కూర్చుని, తొడుగు గోడకు రంపంతో మూడు నిలువు చీలికలు పెట్టాడు. ఇప్పుడు అది కొంచెం లోపలికి నొక్కుకుని స్ప్రింగులా పట్టుకుంటుంది. లోపల మెత్తగా ఏదైనా ఉంటే గీతలు పడవన్నాడు. ప్రసూన స్టూడియోకు పరిగెత్తి, పెళ్ళి ఆల్బం పెట్టెలకు వాడే మఖమల్ గుడ్డలో ఒక పట్టీ కత్తిరించి తెచ్చింది. అతికించాక తొడుగు లెన్సు మీద గట్టిగా కూర్చుంది. వేళ్ళతో తిప్పితే ఆగకుండా, జారకుండా తిరిగింది. ఫిల్టరును తిప్పడానికి వేరే ఏర్పాటు అక్కర్లేకపోయింది. తొడుగు మొత్తం తిరిగితే చాలు.

కెమెరాకు పెట్టి చూస్తే నాలుగు మూలలూ నల్లగా వచ్చాయి. తొడుగు మరీ పొడుగైంది. ప్రసూన మొహమాటపడుతూ చెబితే, ఆయన మళ్ళీ బిగించి మూడు మిల్లీమీటర్లు కోశాడు. మూలలు ఇంకా కొంచెం నల్లగానే ఉన్నాయి. ఇంకో మిల్లీమీటరు. ఈసారి శుభ్రంగా వచ్చింది. రెండో ఫిల్టరు లైటుకు కదా, దానికేం కష్టం లేదు. పెద్ద ఎల్ఈడీ టార్చి మూతికి అలాంటి తొడుగే ఇంకోటి చేసిచ్చాడు.

శుక్రవారం మధ్యాహ్నం ప్రసూన, చిన్నారావు కలిసి హాల్లో సామానుకొట్టు ఖాళీ చేసి ఫ్రేమును బల్ల మీద పడుకోబెట్టారు. కెమెరాను స్టాండుకు కిందికి చూసేలా బిగించారు. ఒక్క గీత వెలుతురు కూడా రాకూడదు కాబట్టి కిటికీకి పెళ్ళిభోజనాల జంపఖానాలు కట్టారు. గాలికి స్టాండు కదులుతుందని ఫ్యాను ఆపేశారు. లోపల కొలిమిలా ఉంది. ప్రసూన తలకు తువాలు చుట్టుకుంది, చెమట అద్దం మీద పడకుండా.

టార్చి వెలిగించి, కెమెరా వెనక తెరలో చూస్తూ తొడుగు తిప్పడం మొదలుపెట్టింది. మొదట తెల్లటి మెరుపు తప్ప ఏమీ లేదు. కొంచెం తిప్పితే నీలంగా మారింది. ఇంకొంచెం తిప్పితే పల్చబడింది. ఇంకా తిప్పింది. ఒకచోట మెరుపు మొత్తం ఇంకిపోయింది, నీళ్ళు ఇసకలోకి దిగినట్టు. కింద ఒక ఆడమనిషి ముఖం ఉంది. అమ్మవారు పోసిన మచ్చలున్నాయి. ముక్కుకు నత్తు. ఒక కనుబొమ్మ మీద బొగ్గుమసి.

ప్రసూన తొడుగు మీంచి వేళ్ళు తీయలేదు. తీస్తే ఆ మనిషి మళ్ళీ మాయమైపోతుందేమో అన్నట్టు అలాగే ఉండిపోయింది. చిన్నారావు వంగి తెరలో చూసి, కానియ్యి అన్నాడు.

రెండు ఫిల్టర్లు అడ్డం ఉండేసరికి వెలుతురు చాలా తగ్గిపోయింది. ఒక్కో ఫొటోకు పది సెకన్లు పడుతోంది. ఆ పది సెకన్లలో ఏదీ కదలకూడదు. హాలు వెనక గోడ దాటితే గూడ్సు లైను. ఒక బొగ్గు రైలు వెళితే నేల రెండు నిమిషాలు వణుకుతుంది. మొదటి మూడు ఫొటోలు అలాగే పాడయ్యాయి. అప్పుడు చిన్నారావు చెవి గోడకు ఆనించి నిలబడ్డాడు. లోడు వస్తోంది ఆగు అనేవాడు. ఖాళీ బోగీల రైలు అది, ఇంకా దూరంగా ఉంది, తీసెయ్ అనేవాడు. ఒక్కసారి కూడా తప్పలేదు. ఒక్కో ఫొటోలో రెండు మూడు ముఖాలే పడుతున్నాయి. ఫ్రేమును జరిపి, టార్చి జరిపి, మళ్ళీ తొడుగు తిప్పి, మెరుపు చచ్చేదాకా చూసి, రైలు పోయేదాకా ఆగి, తీయాలి. రెండింటికి మొదలుపెడితే ఆరున్నరకు అయింది. ఇరవై ముగ్గురూ వచ్చారు. నవ్వుతూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్న మనిషి. నడుం దగ్గర్నుంచి చిన్నపిల్ల చెయ్యి ఒకటి కొంగు పట్టుకుని కనబడుతున్న మనిషి. ఎండకు కళ్ళు చికిలించి, ఈ గోల ఎప్పుడు అయిపోతుందా అన్నట్టున్న మనిషి.

శనివారం ఉదయం ప్రసూన ఒక్కో ముఖాన్నీ అరచెయ్యంత ప్రింటు తీసి, అప్పయమ్మను పిలిచింది. ఆమె బల్ల వద్దని చెప్పి స్టూడియో నేల మీద కూర్చుంది. ప్రింట్లన్నీ ముందు పరుచుకుంది.  తర్వాత ఒక్కోదాన్నే చేతిలోకి తీసుకోవడం మొదలుపెట్టింది. పొడుగు పైడమ్మ. తవుడమ్మ, జలుమూరు పిల్ల. నూకాలమ్మ, ఈమె గంప ఎత్తితే మగాళ్ళు కూడా పక్కకు తప్పుకునేవాళ్ళు. నవ్వేది పోలమ్మ, పన్ను ఊడిపోయిందని చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ పిల్ల చెయ్యి పోలమ్మ చెల్లెలి కూతురుది. ప్రసూన ప్రతి ప్రింటు వెనకా పేరు రాసుకుంటూ పోయింది. ఇరవై పేర్లయ్యాయి. ఇద్దరిని ఎంత చూసినా గుర్తుపట్టలేకపోయింది. ఇక్కడి వాళ్ళే, ఛత్తీస్‌గఢీ వాళ్ళు, కొన్నాళ్ళే చేశారు అంది.

ఒక్క ప్రింటు మిగిలింది. వెనక వరసలో ఎడమ నుంచి మూడోది. అది నేనే అని అప్పయమ్మ ఊరంతటికీ ఏళ్ళుగా చెబుతూ వచ్చింది. ప్రసూన దాన్ని చివరికని దాచింది. చిన్న సంతోషం ఇద్దామనుకుని స్వయంగా చేతికి ఇచ్చింది.

అప్పయమ్మ చూసింది. తల పక్కకు తిప్పి మళ్ళీ చూసింది. ప్రింటును గుమ్మం దగ్గరి వెలుతురులోకి పట్టుకెళ్ళి నిలబడింది.

"ఇది నాను కాదు," అంది. "బుజ్జమ్మ."

 సరిగ్గా చూడమంది ప్రసూన. చూసినాను అంది అప్పయమ్మ. వెనక్కి వచ్చి కూర్చుని, ప్రింటును ఒళ్ళో పెట్టుకుని, ముక్కలు ముక్కలుగా గుర్తు తెచ్చుకుంది. ఫొటో తీసిన రోజు తనకు జ్వరం. క్వార్టర్ల వెనక గుడిసెలో పడుకుని ఉంది. బుజ్జమ్మ పక్క గుడిసె పిల్ల, అదే గేంగు. ఆ పిల్లకు కట్టుకోడానికి మంచి చీర లేదు. అప్పయమ్మ పెళ్ళిచీర, పెద్ద గళ్ళ అంచుది, ఇచ్చి పంపింది. సాయంత్రం బుజ్జమ్మ వచ్చి ఎవరెక్కడ నిలబడ్డారో, ఫొటో తీసేవాడు ఏమన్నాడో అంతా చెప్పింది. ఏళ్ళ తర్వాత ఆ ఫొటో హాల్లో పెట్టేసరికే ముఖాలు మెరుపులో కలిసిపోయాయి. అప్పయమ్మకు కనబడింది తన చీర. చీర తనది కాబట్టి మనిషి కూడా తనే అనుకుంది. విన్న మాటలు చూసిన వాటిలా మనసులో స్థిరపడిపోయాయి.

"ఇన్నేళ్ళు అబద్ధం సెప్పినానమ్మా," అంది.

అబద్ధం కాదు మామ్మా అంది ప్రసూన. అప్పయమ్మ ఆ మాట వినిపించుకోలేదు. ప్రింటు ప్రసూన చేతికిచ్చి, బుజ్జమ్మ అని రాయి, నా పేరు ఎక్కడా ఎట్టకు అంది. 

రమణమూర్తి ఆ సాయంత్రం ప్రింట్లు చూసి ఆశ్చర్యపోయాడు. రెండు మూడు పట్టుకుని కిటికీ దగ్గరికి కూడా వెళ్ళి చూశాడు. పేర్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆగాడు. ఇరవై ముగ్గురి పేర్లకు అట్ట మీద చోటు లేదన్నాడు. చోటు చేస్తానంది ప్రసూన. అప్పుడు అసలు సందేహం బయటపెట్టాడు. తన ముఖాన్నే తప్పు చెప్పిన మనిషి మిగతా ఇరవై పేర్లు సరిగ్గా చెప్పిందని నమ్మకం ఏమిటి? తప్పుడు పేర్లు గోడకెక్కితే రేపు సంఘాన్నే అంటారు.

అడగాల్సిన ప్రశ్నే.  ప్రసూన ప్రింట్లు సర్దుకుంటూ ఆలోచించింది.

"నేనే అని చెప్పుంటే ఎవరికీ తెలిసేది కాదు మూర్తిగారూ," అంది చివరికి. "తను లేనని తనే చెప్పింది. ఆ మనిషి మాట నమ్మకపోతే ఇంకెవరి మాట నమ్ముతాం? అయినా మీ అనుమానం తీరాలి కదా. ఇల్లిల్లూ తిరిగి అడిగొస్తాను. వారం ఇవ్వండి."

రంగులవాళ్ళు ముందు బయటి గోడలు చేస్తారులే అన్నాడాయన. అంతకంటే ఒప్పుకోలు ఆయన నోటి నుంచి రాదని ఆమెకు తెలుసు.

ఆ వారం ప్రసూన ఒక్క పెళ్ళి ఒప్పుకోలేదు. ప్రింట్లు ఒక కవరులో పెట్టుకుని, స్కూటీ మీద అప్పయమ్మను ఎక్కించుకుని రైల్వే కాలనీ లైన్లన్నీ తిరిగింది. పేరు ముందు చెప్పకుండా ముఖం చూపించి ఎవరు అని అడిగేది. పైడమ్మ కొడుకు వాళ్ళమ్మ ముఖం చూడగానే లోపలికెళ్ళి భార్యను పిలుచుకొచ్చాడు. తవుడమ్మ కోడలు, నూకాలమ్మ మేనకోడలు, అలా మొత్తం తొమ్మిది ఇళ్ళవాళ్ళు గుర్తుపట్టారు. తొమ్మిదికి తొమ్మిదీ అప్పయమ్మ చెప్పిన పేర్లే. కొన్ని ఇళ్ళలో ఆ మనిషి పడుచుతనపు ముఖాన్ని ఎవరూ అంతకుముందు చూసుండలేదు. ఇంకో ప్రింటు ఇవ్వమని అడిగారు. తొమ్మిది సంతకాలతో కాగితం తీసుకెళ్ళి బల్ల మీద పెడితే, రమణమూర్తి కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివి, తెలుగు, హిందీ రెండు లిపుల్లోనూ రాయించు, పిల్లలకు తెలుగు చదవడం రాదు అన్నాడు.

బుజ్జమ్మ పెళ్ళయి దగ్గర్లోని బిల్హా ఊరికి వెళ్ళిపోయిందనీ, పోయి ఇరవై ఏళ్ళు దాటిందనీ అప్పయమ్మకు తెలుసు. అక్కడ ఎవరున్నారో తెలియదు. ప్రసూన బిల్హాలో తెలిసినవాళ్ళకు ఫోన్లు చేసి చేసి, అంగన్‌వాడీలో పనిచేసే మనవరాలు ఒకమ్మాయి ఉందని కనిపెట్టింది. పేరు లాస్య. ఫొటో ఫోనులో పంపుతానంటే, వద్దు, నేనే వచ్చి చూస్తాను అని ఆ అమ్మాయి హిందీలో అంది.

రంగులు పూర్తయి హాలు మళ్ళీ తెరిచిన రోజు ఆమె లోకల్ రైలు దిగి నేరుగా వచ్చింది. కొత్త ఫ్రేములో ఫొటో కింద ముప్ఫై పేర్లకు చోటుంది. కూర్చున్నవాళ్ళవి ఏడు, నిలబడ్డవాళ్ళవి ఇరవై ఒకటి, రెండు ఖాళీ గీతలు. అన్నిటికంటే కింద చిన్న అక్షరాలతో 'ఈ పేర్లు చెప్పినది: అదే గేంగులో పనిచేసిన అప్పయమ్మ' అని ఉంది. అప్పయమ్మ వద్దని వాదించింది. చదివేవాళ్ళు ఎవరు చెప్పారో తెలుసుకోవాలి కదా అని ప్రసూన ఒప్పుకోలేదు.

లాస్య మూడో ముఖం ముందు నిలబడింది. వాళ్ళ ఇంట్లో నాయనమ్మ ఫొటో ఒక్కటీ లేదు. తనకు ఊహ వచ్చేసరికే ఆమె పోయింది. చాలాసేపు చూశాక అప్పయమ్మ వైపు తిరిగి, నాయనమ్మ ఎలా ఉండేది అని అడిగింది. అప్పయమ్మ ఆమెను పక్కన బెంచీ మీద కూర్చోబెట్టుకుని తెలుగులో మొదలుపెట్టి, సగంలో హిందీలోకి మారి, గంటసేపు చెప్పింది. బుజ్జమ్మకు ఈత వచ్చుననీ, అర్పా నదిలో వరదొచ్చినప్పుడు కొట్టుకుపోతున్న మేకను ఒడ్డుకు లాక్కొచ్చిందనీ, ఎవరికీ భయపడేది కాదనీ. మధ్యలో ఎవరో ఉపన్యాసానికి పిలిచినా ఇద్దరూ లేవలేదు.

ఆ తర్వాతి ఆదివారం ప్రసూన, అప్పయమ్మ పొద్దున్నే కట్నీ లైను పాసింజరెక్కి కర్గీ రోడ్‌ స్టేషన్లో దిగారు. గేంగులో కొన్నాళ్ళు చేసిన ఒక ముసలామె అక్కడ కూతురి దగ్గర ఉందని ఎవరో చెప్పారు. ఆమె మంచంలో లేచి కూర్చుని, పేరు తెలియని రెండు ప్రింట్లూ మార్చి మార్చి చూసి, ఒకదాని మీద వేలు పెట్టి, ఫూల్‌బాయి అంది. గనియారీ ఊరి మనిషి, గంప ఎత్తేటప్పుడు పాడేది అంది. రెండోది ఎవరో ఆమెకూ తెలియలేదు. ప్రసూన ప్రింటు వెనక ఫూల్‌బాయి అని రాసుకుంది. స్టేషనుకు నడుస్తూ, షెడ్డులో చేసిన ఛత్తీస్‌గఢీ వాళ్ళు ఇంకా ఏయే ఊళ్ళలో ఉంటారని అప్పయమ్మను అడిగింది. అప్పయమ్మ ఒక్కో ఊరి పేరే వేళ్ళ మీద లెక్కబెడుతూ వచ్చింది.